సదరం శాతం వేరు, బడిలో హక్కు వేరు: 40 దాటని పిల్లల సంగతేమిటి?

జూన్‌లో బడులు తెరిచే వేళకి ప్రత్యేక అవసరాలున్న పిల్లల ఇళ్లలో ఒకటే మాట. “సర్టిఫికెట్ తెచ్చుకోండి, అప్పుడు చూద్దాం” అని బడివాళ్లు పంపించేస్తారు. తల్లిదండ్రులు సదరం (వైకల్యాన్ని పరీక్షించి శాతం తేల్చే ప్రభుత్వ ఏర్పాటు) స్లాట్ బుక్ చేసుకుని, ప్రభుత్వాసుపత్రిలో పొద్దంతా కూర్చుని పరీక్షలు చేయించుకుంటే, చేతికి 25 శాతం అని రాసిన కాగితం వస్తుంది. దాన్ని చూసి బడివాళ్లు “40 లేదు కదండీ, మా చేతుల్లో ఏమీ లేదు” అంటారు. కాగితం మీద 40 లేదన్నది నిజమే. చేతుల్లో ఏమీ లేదన్నది మాత్రం నిజం కాదు. 40 శాతం గీత చట్టంలో ఉంది, కానీ అది కొన్ని ప్రయోజనాలకే వర్తిస్తుంది. ముందు బెంచీలో చోటు, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, పరీక్షలో అదనపు సమయం లాంటివి వేరే సెక్షన్ల కిందకి వస్తాయి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చాలామంది పిల్లలు మధ్యలో నలిగిపోతున్నారు.

చట్టంలో ఉన్నవి రెండు నిర్వచనాలు

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులోని సెక్షన్ 2(ఎస్) వైకల్యం ఉన్న వ్యక్తి ఎవరో చెబుతుంది. శారీరకంగా, మానసికంగా, బుద్ధిపరంగా, ఇంద్రియపరంగా దీర్ఘకాలం ఉండే లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల మిగతావాళ్లతో సమానంగా పాల్గొనలేకపోతున్నవారు ఎవరైనా ఈ నిర్వచనంలోకి వస్తారు. ఇక్కడ శాతం ప్రస్తావనే లేదు.

రెండోది సెక్షన్ 2(ఆర్), బెంచ్‌మార్క్ వైకల్యం. షెడ్యూల్‌లో పేర్కొన్న 21 రకాల వైకల్యాల్లో ఏదైనా 40 శాతానికి తగ్గకుండా ఉందని వైద్యాధికారులు ధ్రువీకరిస్తేనే ఇది వర్తిస్తుంది.

దేనికి ఏది కావాలో చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య (సెక్షన్ 31), ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, 5 ఏళ్ల వయోసడలింపు (సెక్షన్ 32), ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ (సెక్షన్ 34) కావాలంటే బెంచ్‌మార్క్ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛనుకూ 40 శాతమే లెక్క. వివక్ష చూపకూడదన్న సెక్షన్ 3, బడులు ఏమేం చేయాలో చెప్పే సెక్షన్ 16 మాత్రం మొదటి నిర్వచనాన్ని పట్టుకునే నడుస్తాయి.

ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకుదనం) ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇక్కడే ఎక్కువగా తికమకపడతారు. 21 రకాల జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు లేదు. కాబట్టి ఆ పేరు ఒక్కదాని మీద వైకల్య ధ్రువపత్రం రాదు. చాలామంది పిల్లల్లో దానితోపాటు అభ్యసన వైకల్యమో, ఆటిజమో కూడా ఉంటుంది. అప్పుడు ఆ పేరు మీద వస్తుంది. ఏమీ తోడు లేకపోతే? జాబితాలో లేదు కాబట్టి మాకు బాధ్యత లేదని బడులు అంటాయి. 2(ఎస్) నిర్వచనం షెడ్యూల్‌ని ప్రస్తావించనే లేదు కదా అని హక్కుల పక్షం వాదిస్తుంది. చట్టం చదివితే రెండో వాదనే బలంగా కనిపిస్తుంది, కానీ బోర్డు పరీక్షల దరఖాస్తులో టిక్ పెట్టడానికి గడి లేకపోవడం మొదటివాళ్లకి కలిసొస్తోంది.

ఆ శాతం ఎలా వస్తుంది?

శాతం డాక్టరు చూపుతో అంచనా వేసి రాసేది కాదు. ఒక్కో వైకల్యానికి ఒక్కో కొలబద్ద ఉంది. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు వీటిని వివరంగా పెట్టాయి, 2024లో కొన్నింటిని సవరించారు.

ఆటిజానికి వాడేది ఐసా స్కేలు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేదని అర్థం. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వచ్చినా 40 శాతం ఇస్తారు. అంటే ఈ స్కేలు మీద ఆటిజం ఉందని తేలితే బెంచ్‌మార్క్ దాటినట్టే.

బుద్ధిమాంద్యానికి ఐక్యూ పరీక్షతోపాటు వైన్‌లాండ్ సామాజిక పరిణతి స్కేలు చూస్తారు. 2018 పట్టిక ప్రకారం స్కోరు 55–69 మధ్య ఉంటే 50 శాతం, 36–54 అయితే 75 శాతం. 70–84 మధ్య ఉంటే సరిహద్దు స్థాయి అంటారు, దానికి 25 శాతమే. టీచర్లు ‘స్లో లెర్నర్’ అని పక్కన పెట్టేసే పిల్లల్లో చాలామంది ఈ గుంపులోనే ఉంటారు. క్లాసు పాఠం అందదు, సర్టిఫికెట్టూ అందదు. చదువు వ్యవస్థలో అందరికంటే ఎక్కువగా నష్టపోయేది వీళ్లే.

వైన్‌లాండ్ స్కేలులో చాలా భాగం తల్లిదండ్రులని అడిగి నింపేదే. “సొంతంగా అన్నం తింటాడా?” అని అడిగితే, నలుగురిలో పిల్లవాణ్ని తక్కువ చేయడం ఇష్టంలేక తల్లి “తింటాడండీ” అంటుంది. అన్నం కలిపిపెట్టేది తనేనని, ముద్ద ముద్దకీ పక్కన కూర్చుని గుర్తుచేయాలని చెప్పదు. పది ప్రశ్నలకి ఇలా జవాబిస్తే పిల్లవాడు కాగితం మీద రెండు మూడేళ్లు పెద్దవాడైపోతాడు. చేయగలడా అన్నదానికీ, ఎవరూ చెప్పకుండా రోజూ చేస్తాడా అన్నదానికీ తేడా పెట్టి చెప్తేనే స్కోరు నిజానికి దగ్గరగా వస్తుంది.

డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలకు పద్ధతి వేరు. మామూలు స్థాయి తెలివితేటలు ఉండి కూడా చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడకపోవడం ఇక్కడి లక్షణం. 2018 మార్గదర్శకాల్లో ఐక్యూ 85కి పైన ఉండాలన్నారు. 8 ఏళ్లు నిండాకే ధ్రువీకరణ. 14 ఏళ్లకి, 18 ఏళ్లకి మళ్లీ పరీక్ష. 18కి ఇచ్చింది జీవితాంతం చెల్లుతుంది. మూడో తరగతిలో తెచ్చుకున్న కాగితాన్ని పదో తరగతిలో చూపించి, గడువు దాటిందని తెలిసి కంగారుపడే కుటుంబాలు ఎన్నో. ఇంకో ఇబ్బంది భాషది. ఐదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లని ఇంగ్లిష్ పేరాతో పరీక్షిస్తే, బయటపడేది వైకల్యమో, ఇంగ్లిష్ రాకపోవడమో చెప్పలేం. ఏ భాషలో పరీక్షించారన్నది రిపోర్టులో రాసి ఉండాలి.

ఇప్పుడు ధ్రువపత్రాలన్నిటినీ యూడీఐడీ (దివ్యాంగుల విశిష్ట గుర్తింపు) కార్డుతో ముడిపెట్టారు. 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం రంగు కార్డు. 40 లోపు వాళ్లకీ కార్డు ఇవ్వడంలోనే, వాళ్లూ చట్టం లెక్కలోకి వస్తారన్న అంగీకారం ఉంది. చిన్నపిల్లలకి తరచుగా తాత్కాలిక పత్రమే ఇస్తారు కాబట్టి గడువు తేదీ చూసుకోవాలి. శాతం తప్పుగా వేశారనిపిస్తే సెక్షన్ 59 కింద అప్పీలుకి వీలుంది, కేంద్ర నిబంధనల ప్రకారం 90 రోజుల్లోపు.

40 లోపు ఉన్నా అడగగలిగినవి

చట్టం వాడిన మాట సముచిత సర్దుబాటు. ఒక పిల్లవాడి అవసరాన్ని బట్టి చేసే మార్పు అది, ఎదుటివాళ్ల మీద మోయలేని భారం మాత్రం పడకూడదు. దీన్ని సుప్రీంకోర్టు మూడు తీర్పుల్లో తేల్చి చెప్పింది. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసు: చేతికి రైటర్స్ క్రాంప్ (రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే సమస్య) ఉన్న సివిల్స్ అభ్యర్థికి బెంచ్‌మార్క్ లేదని స్క్రైబ్‌ని (చెప్పింది రాసిపెట్టే సహాయకుణ్ని) నిరాకరించారు. సర్దుబాటు హక్కుని 40 శాతానికి కట్టేయడం చట్టాన్ని తప్పుగా చదవడమేనని కోర్టు అంది. అదే ఏడాది నవంబరులో అవని ప్రకాశ్ కేసు: డిస్‌గ్రాఫియా ఉన్న నీట్ విద్యార్థినికి పరీక్ష కేంద్రంలో అదనపు గంట ఇవ్వలేదు. ఆ అమ్మాయికి 40 శాతం ఉంది కూడా. కేంద్రంలో ఉన్నవాళ్లకి నిబంధనలు తెలియకపోవడమే అసలు సమస్య. ఇక 2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులో, బెంచ్‌మార్క్ ఉన్నవాళ్లకి పరీక్షల్లో ఇచ్చే వెసులుబాట్లు వైకల్యం ఉన్న మిగతా అభ్యర్థులకూ వర్తింపజేయాలని ఆదేశించింది.

ఇవి పోటీ పరీక్షల కేసులు కదా, మూడో తరగతి పిల్లకి వీటితో పనేమిటి అంటే, కోర్టు వ్యాఖ్యానించింది పరీక్షని కాదు, నిర్వచనాన్ని. అదే నిర్వచనం బడికీ వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ. ఒక అమ్మాయికి ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవి బాగుంది. చట్టంలో వినికిడి లోపం అంటే రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నుంచి మొదలయ్యే నష్టం. కాబట్టి ఆ జాబితాలో ఈ అమ్మాయి లేదు. అయినా కుడి గోడ పక్కన, ఫ్యాను కింద, మూడో బెంచీలో కూర్చుంటే టీచరు మాటలో సగం పోతుంది. పరధ్యానం అని డైరీలో రాస్తారు. తరగతికి ఎడమవైపు, అంటే వినపడే కుడి చెవి టీచరు వైపు తిరిగేలా, ముందు వరసలో కూర్చోబెట్టి, డిక్టేషన్ చెప్పేటప్పుడు బోర్డు వైపు తిరిగి చెప్పకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. ఖర్చు సున్నా. దీనికి సర్టిఫికెట్ అడగడం అనవసరం. చెవి పరీక్ష చేసిన ఆడియాలజిస్టు రిపోర్టు చాలు.

భారం అనే మాట ఎక్కడ నిలుస్తుందో కూడా చూడాలి. వీల్‌చెయిర్ వాడే పిల్లవాడి కోసం మూడంతస్తుల పాత భవనంలో లిఫ్టు పెట్టమంటే, ఈ ఏడాదే కుదరదని బడి అనొచ్చు. అయితే ఆ తరగతి మొత్తాన్ని కింది అంతస్తుకి మార్చడం కుదరదని అనలేదు. అడిగిన రూపంలో కుదరకపోతే అదే అవసరం తీరే ఇంకో దారి వెతకాల్సిన బాధ్యత బడిదే.

ప్రైవేటు బడికి ఇవి వర్తిస్తాయా?

వర్తిస్తాయి. సెక్షన్ 16 ప్రభుత్వ నిధులతో నడిచేవాటినే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నిటినీ కలుపుకుంటుంది. వివక్ష లేకుండా చేర్చుకోవడం, భవనం, మరుగుదొడ్లు అందుబాటులో ఉంచడం, సర్దుబాట్లు చేయడం, ఒక్కో పిల్లకీ తగిన సహాయం ఇవ్వడం, అంధులకి, బధిరులకి తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పడం, అభ్యసన వైకల్యాల్ని త్వరగా గుర్తించడం, ప్రగతిని గమనిస్తూ ఉండటం, రవాణా సౌకర్యం: మొత్తం ఎనిమిది. త్వరగా గుర్తించే పని బడిదే అన్న సంగతి చాలా యాజమాన్యాలకి గుర్తుండదు. ఇందుకోసం ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ అనే చెక్‌లిస్టు యాప్ 2022 నుంచి అందుబాటులో ఉంది.

విద్యాహక్కు చట్టం (2009) దీనికి తోడు. 6–14 ఏళ్ల పిల్లలకి అడ్మిషన్ సమయంలో వడపోత పరీక్ష పెడితే మొదటిసారి 25,000, తర్వాత ప్రతిసారికీ 50,000 రూపాయల దాకా జరిమానా. ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేదాకా పిల్లవాణ్ని బడి నుంచి తీసేయకూడదు. ప్రైవేటు బడుల్లోని 25 శాతం ఉచిత సీట్లలో ఆంధ్రప్రదేశ్ 5 శాతాన్ని అనాథలు, హెచ్‌ఐవీ బాధిత పిల్లలు, దివ్యాంగులకి కేటాయించింది. ఒక మెలిక: మైనారిటీ విద్యాసంస్థలకి విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దివ్యాంగుల చట్టంలో అలాంటి మినహాయింపు లేదు. కాబట్టి అలాంటి బడికి రాసే ఉత్తరంలో సెక్షన్ 16 గురించి చెప్పాలి తప్ప విద్యాహక్కు చట్టం గురించి కాదు.

ఉచిత విద్య విషయంలో ఆశ కొంచెం తగ్గించుకోవాలి. సెక్షన్ 31 ప్రకారం ఆ బాధ్యత ప్రభుత్వానిది, స్థానిక సంస్థలది. దాన్ని చూపించి ప్రైవేటు కార్పొరేట్ బడిలో ఫీజు మాఫీ చేయమంటే నిలబడదు.

ప్రభుత్వ బడుల్లో ఉన్న ఏర్పాటు పేరు సహిత విద్య. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో ఐఈఆర్‌పీలు (సహిత విద్య రిసోర్స్ పర్సన్లు) ఉంటారు. ఫిజియోథెరపీ కూడా అక్కడే. బడికి రాలేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. సమగ్ర శిక్ష కింద ఒక్కో పిల్లకి ఏడాదికి 3,500 రూపాయల వరకు కేటాయింపు, ఆడపిల్లలకి అదనంగా నెలకి 200 చొప్పున పది నెలల స్టైపెండ్. ఇవి రాకపోవడానికి మామూలు కారణం చాలా చిన్నది: యూడైస్ (బడులు, విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) వివరాల్లో పిల్ల పేరు పక్కన సీడబ్ల్యూఎస్‌ఎన్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలు) అని నమోదు చేయకపోవడం. అక్కడ లేకపోతే పై లెక్కల్లో ఆ పిల్ల లేనట్టే.

ఐఈపీ: ఒక్క పేజీలో ఏముండాలి?

వ్యక్తిగత విద్యా ప్రణాళిక, అందరూ అనేది ఐఈపీ. మంచి బడులు రాస్తాయి, చాలా బడులు ఫైలు కోసం రాస్తాయి. “చదవడం మెరుగుపడాలి, శ్రద్ధ పెరగాలి” అని రాసిన ఐఈపీతో ఏడాది చివర ఎవరినీ ఏమీ అడగలేం. నాలుగో తరగతి చదివే, డిస్లెక్సియా ఉన్న ఒక పిల్ల కోసం పనికొచ్చే ఐఈపీ ఇలా ఉంటుంది.

ప్రస్తుత స్థాయి: రెండో తరగతి తెలుగు వాచకంలో 60 పదాల పేరా చదవడానికి 4 నిమిషాలు. తప్పులు 14. అందులో 9 ఒత్తుల దగ్గర (‘పుస్తకం’ని ‘పుసకం’, ‘అమ్మ’ని ‘అమ’), 3 దీర్ఘాల దగ్గర, 2 ‘ప’, ‘వ’ల తారుమారు. అదే పేరా చదివి వినిపిస్తే ఐదు ప్రశ్నలకి ఐదు జవాబులూ సరిగ్గా చెప్పింది.

లక్ష్యం: డిసెంబరు చివరికి, ఇదే స్థాయిలో ఇంతకుముందు చూడని పేరా, 60 పదాలు, 3 నిమిషాల్లోపు, ఒత్తుల తప్పులు మూడుకి మించకుండా, వరుసగా మూడుసార్లు.

ఎవరు, ఎంతసేపు: స్పెషల్ ఎడ్యుకేటర్, వారానికి 4 రోజులు, రోజుకి 20 నిమిషాలు. ముందు ద్విత్వాక్షరాలు (అక్క, అత్త, అమ్మ), అవి పట్టుబడ్డాక సంయుక్తాలు (చక్రం, పుస్తకం).

క్లాసులో: బోర్డు మీది నోట్సు ప్రింటు ఇవ్వాలి. నలుగురి ముందు లేపి చదివించకూడదు. సైన్స్, సోషల్ యూనిట్ టెస్టుల్లో సగం జవాబులు నోటితో చెప్పనివ్వాలి, స్పెల్లింగుకి మార్కులు కోయకూడదు.

సమీక్ష: 6 వారాలకి ఒకసారి, అదే పద్ధతిలో లెక్కపెట్టి.

ఇందులో అతి విలువైన వాక్యం, వినిపిస్తే ఐదుకి ఐదు చెప్పిందన్నది. పిల్లకి పాఠం అర్థమవుతోంది, చదవడమే అడ్డు అని అది రుజువు చేస్తుంది. సైన్స్ పరీక్షలో నోటితో జవాబు చెప్పనివ్వమని అడగడానికి ఆధారం అదే.

అమెరికాలో కొన్నేళ్లుండి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చిన కుటుంబాలు ఇక్కడ నిరాశపడతాయి. అక్కడ ఐడియా అనే ఫెడరల్ చట్టం కింద ఐఈపీ చట్టబద్ధమైన పత్రం. అందులో రాసిన గంటలు పబ్లిక్ స్కూలు ఇచ్చి తీరాలి. ఇక్కడి చట్టం ఒక్కో పిల్లకీ తగిన సహాయం ఇవ్వాలంటుంది కానీ, ఐఈపీ అనే పత్రాన్ని, దాని గడువుల్ని అలా కట్టుదిట్టంగా నిర్దేశించలేదు. అక్కడి ఐఈపీ, పరీక్షల నివేదికలు కొత్త బడికి ప్రస్తుత స్థాయి చెప్పడానికి బాగా పనికొస్తాయి. యూడీఐడీ కోసం మాత్రం ఇక్కడి వైద్య బోర్డు ముందుకి మళ్లీ వెళ్లాల్సిందే.

షాడో టీచర్ జీతం ఎవరివ్వాలి?

ప్రైవేటు బడుల్లో ఇప్పుడు అన్నిటికంటే వేడి రగిలించే ప్రశ్న ఇదే. షాడో టీచర్ అంటే తరగతిలో ఒక్క పిల్లవాడి పక్కనే ఉండి తోడ్పడే మనిషి. “షాడో టీచర్‌ని మీరే పెట్టుకుంటే చేర్చుకుంటాం” అని బడి అంటుంది. ఫీజుకి సమానంగానో అంతకంటే ఎక్కువగానో ఇంకో జీతం తల్లిదండ్రుల మీద పడుతుంది.

బడి వాదన తీసిపారేయదగ్గది కాదు. 40 మంది ఉన్న తరగతిలో ఒక పిల్లవాడు గేటు దాకా పరిగెడితే, ఒక్క టీచరు అతని వెనక వెళ్లాలా, మిగతా 39 మందితో ఉండాలా? తల్లిదండ్రులది ఇంకో ప్రశ్న: డబ్బు కట్టగలిగితేనే సీటు అనడం వివక్ష కాక మరేమిటి? సెక్షన్ 16 అధిక సహాయం అవసరమైన పిల్లలకి, తోడు ఉండేవారికి రవాణా సౌకర్యం కల్పించాలంటుంది. షాడో టీచర్ జీతం ఎవరిదన్నది సూటిగా చెప్పదు. స్పెషల్ ఎడ్యుకేటర్లలో చాలామంది ఇరుపక్షాలకీ నచ్చని మాట చెబుతారు. పక్కనే పెద్దవాళ్లు అతుక్కుని కూర్చుంటే టీచరు ఆ పిల్లవాడితో మాట్లాడటం మానేస్తుంది, తోటిపిల్లలు దగ్గరికి రారు, పిల్లవాడు ప్రతిదానికీ ఆ మనిషి వైపే చూస్తాడు. అందుకే షాడో పెట్టే రోజే ఎప్పుడు, ఏ మెట్టు మీద తగ్గిస్తారో రాసుకోవాలని అంటారు.

అసలు షాడో అవసరమా అన్నది తేల్చడానికి ఒక సాధనం ఉంది. రెండు వారాలపాటు మూడు గడుల పట్టిక నింపడం: ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, ఆ తర్వాత ఏమైంది. “రోజూ గొడవ చేస్తున్నాడు” అని టీచరు చెప్పిన ఒకటో తరగతి పిల్లవాడి పట్టిక ఉదాహరణగా తీసుకుందాం. రెండు వారాల్లో ఏడుసార్లు బయటికి పరిగెత్తాడు. అందులో ఆరు ఇంటర్వెల్ బెల్లు మోగిన నిమిషంలోపే, చెవులు మూసుకుని. బెల్లు సరిగ్గా ఆ గది కిటికీ బయటే ఉంది. ఇక్కడ కావాల్సింది రోజంతా ఒక మనిషి కాదు; బెల్లుకి రెండు నిమిషాల ముందు అతన్ని వరండా అవతలికి తీసుకెళ్లడం, లేదా గది మార్చడం. పట్టిక లేకపోతే ఇది బయటపడదు, షాడో మీద బేరం మాత్రం నడుస్తూ ఉంటుంది.

అసలు లోటు స్పెషల్ ఎడ్యుకేటర్లదే. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది పిల్లలకి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని నిష్పత్తి పెట్టింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంటు స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు కొత్తగా మంజూరు చేసింది. ప్రైవేటులో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారని చెప్పే చోట అడగాల్సింది ఒక్కటే, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు. అది లేకుండా ఆ పేరు పెట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పదో తరగతి వెసులుబాట్లు తొమ్మిదిలోనే మొదలవుతాయి

సీబీఎస్‌ఈలో గంటకి 20 నిమిషాల చొప్పున అదనపు సమయం. 3 గంటల పేపరుకి 4 గంటలు, 2 గంటల పేపరుకి 2 గంటల 40 నిమిషాలు. స్క్రైబ్, రీడర్, రెండు భాషలకి బదులు ఒకటే చదివే వీలు, అవసరాన్ని బట్టి మామూలు క్యాలిక్యులేటర్ కూడా ఉన్నాయి. రెండు రాష్ట్రాల పదో తరగతి బోర్డుల్లోనూ స్క్రైబ్, అదనపు సమయం ఇస్తారు.

ఇవి చేజారేది హాలు దగ్గర కాదు, నమోదు దగ్గర. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ సమయంలోనే వైకల్యం కేటగిరీ ఎక్కాలి. స్టేట్ సిలబస్‌లో నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే ముందు హెడ్మాస్టరు దగ్గర కాగితాలన్నీ ఉండాలి. రాత పరీక్షల్లో 40 లోపు శాతం ఉన్నవాళ్లకి స్క్రైబ్ కోసం కేంద్రం 2022 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాలు, రాయడంలో ఇబ్బంది ఉందని సివిల్ సర్జన్ స్థాయి అధికారి అధ్యక్షతన ఉండే బృందం ఒక పత్రం ఇవ్వాలన్నాయి; 2025 ఆగస్టులో కొత్త మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి ఇప్పుడు ఏ పత్రం కావాలో ముందే కనుక్కోవాలి. అలాంటి పత్రానికే వారాలు పడుతుంది.

స్క్రైబ్ దొరికితే సరిపోదు, అలవాటు కావాలి. ఎప్పుడూ సొంతంగా రాసిన పిల్లకి, జవాబుని వాక్యం వాక్యంగా ఇంకొకరికి చెప్పి రాయించడం వేరే విద్య. లెక్కల్లో “రెండు ఎక్స్ స్క్వేర్ బ్రాకెట్లోనా, బయటా?” అనేదే పది నిమిషాలు తినేస్తుంది. తొమ్మిదో తరగతి యూనిట్ టెస్టుల నుంచే స్క్రైబ్‌తో రాయించిన బడుల్లో ఈ తడబాటు ఉండదు. ఇన్ని చేసినా పదో తరగతి మోయలేని భారమనిపిస్తే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు), రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి. 14 ఏళ్లు నిండాలి, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. బడి తన ఫలితాల శాతం కోసం పిల్లల్ని అటు నెడుతోందా, పిల్లకి నిజంగా అదే మేలా అన్నది మాత్రం తల్లిదండ్రులే విడదీసి చూసుకోవాలి.

మామూలు బడా, ప్రత్యేక పాఠశాలా?

చట్టం, 2020 జాతీయ విద్యావిధానం మొగ్గు చూపేది మామూలు బడి వైపే, అయినా రెండూ ప్రత్యేక పాఠశాలని మూసేయమనలేదు. తోటిపిల్లలతో కలిసి పెరిగితేనే రేపు సమాజంలో చోటు దొరుకుతుందన్నది ఒక వాదన. సహాయం లేని మామూలు బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టడం కంటే, నేర్పడం తెలిసినవాళ్లున్న ప్రత్యేక పాఠశాల మేలన్నది ఇంకో వాదన. బధిరుల విషయంలో రెండోదానికి బలం ఎక్కువ, సైగల భాష మాట్లాడే మనుషుల మధ్య ఉండటమే వాళ్లకి భాష వచ్చే దారి కాబట్టి. మిగతా చోట్ల పిల్లని బట్టి, ఊళ్లో ఉన్న బడిని బట్టి మారుతుంది. ఏది ఎంచుకోవాలో తేలక సందేహంలో ఉన్నవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీలో (బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ) పిల్లని పరీక్షించి సలహా తీసుకోవడం పరిపాటి.

నోటి మాట, కాగితం, ఫిర్యాదు

బడితో గొడవలు చాలావరకు చెడిపోయేది ఏదీ రాతలో లేకపోవడం వల్ల. “మేడమ్ సరేనన్నారు” అన్నది ఆ మేడమ్ మారిపోయిన రోజు పనికిరాదు. మీటింగ్ అయిన సాయంత్రమే, ఏం అనుకున్నారో ఐదు వాక్యాల్లో మెయిలో ఉత్తరమో పంపితే అదే రికార్డు. ప్రతిసారీ కోపంగా రాయక్కర్లేదు. ఒక్కో అవసరానికి ఒక్కో వాక్యం, పక్కన ఏ రిపోర్టు ఏ పేజీ, ఎప్పటిలోగా. “మా బాబుకి శ్రద్ధ చూపండి” అనేదానికి జవాబు చెప్పనక్కర్లేదు, “జూలై 15 నుంచి బోర్డు నోట్సు ప్రింటు ఇవ్వగలరా?” అనేదానికి అవునో కాదో చెప్పాలి. కాదంటే కారణం రాతలో అడగొచ్చు. ఆ కారణమే తర్వాతి మెట్టు మీద సాక్ష్యం.

బడి వినకపోతే ఎంఈఓ, ఆపైన డీఈఓ. దివ్యాంగుల చట్టం కింద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో 7వది, జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఈ పిల్లల అడ్మిషన్ వ్యవహారాలు చూడటానికి ఒక నోడల్ అధికారి ఉండాలంటుంది. ఆ పేరు ఎవరిదో ఆఫీసులోనే చాలామందికి తెలియదు. ఆర్టీఐ దరఖాస్తుతో అడిగితే, పేరు లేని చోట ఒక పేరు పుట్టుకొస్తుంది.

అక్కడా కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. విచారణలో సాక్షుల్ని పిలిపించే, పత్రాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలు ఆయనకి ఉంటాయి. అయితే చివర ఇచ్చేది సిఫారసే, తీర్పు కాదు. సిఫారసు అందుకున్న అధికారి మూడు నెలల్లోగా ఏం చేశారో తెలపాలి. పాటించకపోతే ఎందుకు పాటించలేదో అదే గడువులో కమిషనర్‌కీ, ఫిర్యాదు చేసినవారికీ చెప్పాలి. చట్టం ఉల్లంఘించినట్టు తేలితే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది. అది వేయించాలంటే కోర్టు మెట్లెక్కాలి. ఈలోగా విద్యా సంవత్సరం గడిచిపోతుంది కాబట్టే, ఎక్కువ కుటుంబాలు కమిషనర్ నోటీసు బడికి చేరిన దశలోనే రాజీకి కూర్చుంటాయి. ఆ రాజీలో ఒప్పుకున్నవి తేదీలతో సహా రాయించుకుని, హెడ్మాస్టరు సంతకం, బడి స్టాంపు వేయించుకుంటే వచ్చే జూన్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు.